తీగకు వేలాడే పుస్తకం

మలోటి కొండల మీద రాత్రి బడి.
రాళ్ళ గోడలు, ఎండుపేడ మంట,
కిరసనాయిలు దీపం చుట్టూ
దుప్పట్లు కప్పుకున్న పదకొండు మంది కాపరి కుర్రాళ్ళు.
పగలంతా గొర్రెలకు దొరలు.
చీకటి పడ్డాక నా దగ్గర
అక్షరానికి భయపడే పిల్లలు.

పుస్తకం ఒకటే.
మసేరులో కొని, బస్సు దిగి, గుర్రం మీద తెచ్చాను.
తలుపు పక్క ఇనుపతీగకు వేలాడదీసి చెప్పాను:
ఎవరి రోజు వాళ్ళు రాయండి.
రాసింది అందరూ చదువుతారు.
అంతే.

మొదటి నెల నేనే పాడు చేశాను,
ఎర్ర కలంతో.
తప్పిపోయిన మేక గురించి మొత్లాత్సి నాలుగు వాక్యాలు రాస్తే
పదహారు గీతలు గీశాను.
పేజీని దీపానికి దగ్గరగా పట్టి చాలాసేపు చూశాడు.
"నక్క కూడా ఇంత నెత్తురు కార్చదు టీచరమ్మా" అన్నాడు.
తొమ్మిది రాత్రులు రాలేదు.

ఆ కలం ఇప్పటికీ ఉంది.
పిండి సంచుల మీద లెక్క గుర్తులు పెట్టుకుంటున్నాను.
అతని పేజీ కింద పెన్సిలుతో ఒక్క ప్రశ్న రాశాను:
మేక దొరికిందా?

జవాబు పాకిసో రాశాడు.
"దొరికింది. వాగు అవతల నా మందలో ఉంది.
కుడి చెవి చీలింది. ఉప్పు తెచ్చి తోలుకుపో."
మూడు చోట్ల తప్పు. నేను ముట్టుకోలేదు.
పదో రాత్రి మొత్లాత్సి వచ్చాడు,
చంకలో ఉప్పు పొట్లంతో.

అప్పట్నుంచి పుస్తకానికి కాళ్ళొచ్చాయి.
వారానికొకడు దుప్పట్లో దాచుకుని ఎగువ మందకు తీసుకుపోతాడు.
మంచు మరకతో, కొవ్వు మరకతో,
ఒకసారి గిట్ట ముద్రతో తిరిగొచ్చింది.
కడుపుబ్బిన గొర్రెకు ఏం చెయ్యాలో ముగ్గురు మూడు రకాలుగా రాశారు.
నాలుగోవాడు రాశాడు: "మూడూ చేశాను. చచ్చింది."
దాని కింద ఐదు రోజుల వాదన.
అంత చిన్న అక్షరాలు నేను నేర్పలేదు,
చోటు చాలక వాళ్ళే నేర్చుకున్నారు.

ఒకసారి నాలుగు పేజీలు మాయం.
పొగాకు చుట్టుకున్నారని తర్వాత తేలింది.
ఏడో ఎక్కం, ఒక వానమబ్బు బొమ్మ,
సెఖోబే వాళ్ళమ్మకు రాసుకున్న ఉత్తరం
అన్నీ పొగైపోయాయి.
ఉత్తరం అతనికి నోటికొచ్చు, మళ్ళీ రాశాడు.
రెండోసారే బాగా కుదిరిందన్నాడు.
ఏడో ఎక్కం ఇప్పటికీ ఎవరికీ రాదు.

సెఖోబే పెద్దగా మాట్లాడడు. లెసిబా ఊదుతాడు.
విల్లుకు కట్టిన రాబందు ఈక, దాని మీద ఊపిరి.
అతని పేజీల నిండా మొదట్లో
ఈ రోజు చలి.
ఈ రోజు చలి.
ఈ రోజు చలి.
ఎవరో కింద అడిగారు: ఎలాంటి చలి?
మర్నాడు పేజీన్నర.
అడిగిందెవరో నాకు తెలియదు.
ఆ చేతిరాత మా పదకొండు మందిలో ఎవరిదీ కాదు.

మొన్న నేనూ ఒక పేజీ రాశాను.
మా నాన్న బంగారు గనిలోకి దిగిన సంగతి,
తిరిగి రాని ఏడాది
ఆయన టోపీ దీపం ఒక్కటీ ఇంటికొచ్చిన సంగతి.
పుస్తకం తీగకు తగిలించి బయటికొచ్చి నిలబడ్డాను.
లోపల ఎవరు దగ్గినా
నా పేజీ చూసే దగ్గారనుకున్నాను.

వెళ్ళి చూస్తే,
నేను మింగేసిన ఒక అక్షరం
మాట పైన బుల్లిగా, మర్యాదగా చేర్చి ఉంది.
కింద మొత్లాత్సి రాత:
మ్మే న్తాబెలెంగ్, ఆ దీపం ఇప్పుడెక్కడుంది?

పెట్టెలు వెతుకుతున్నాను.
ఈ వారం పుస్తకం ఎగువ మందలో ఉంది.
దారి మంచులో మూసుకుపోయింది.
గాలికి ఒట్టి తీగ
గోడకు తగులుతోంది.