డెబ్భై ఒకటో గేటు

బ్యారేజీకి గేట్లు డెబ్భై.
బెజవాడలో పాలపళ్ళు ఊడని పిల్లకైనా తెలుసు.
మా తమ్ముడు సైదులు లెక్కపెడితే మాత్రం
ఎటు నుంచి మొదలెట్టినా డెబ్భై ఒకటి.

ట్యూషన్ పేరయ్య మాస్టారు చెవి మెలేశారు:
"ఆ ఒక్కటీ ఎక్కడిదిరా? మీ నాన్న కట్టించాడా?"
మా నాన్న కట్టించింది గోలీసోడా బండి ఒక్కటే,
సీతానగరం వైపు. దానికీ ఒక చక్రం అప్పు.

అక్కని కదా, తప్పు చూపిద్దామని తీసుకెళ్ళాను.
ముప్పై దగ్గర వాడికి దాహం.
నలభై ఆరు దగ్గర ఒంటేలు.
అరవై తొమ్మిది, డెబ్భై.
"అయిపోయిందిగా!" అన్నాను, గెలిచినట్టు.
"అదిగో" అన్నాడు.
అదిగో!
అదే ఇనుము, అదే తుప్పు, అదే నాచు.
ఒక చీటీ మాత్రం ఎక్కువ:
"భోజన విరామం. నెట్టుకుని రండి. చేపలకు ప్రవేశం లేదు."

నెట్టాం.

కృష్ణమ్మ అడుగున, పొడిపొడిగా, ఓ ఆఫీసు.
తిరగని ఫ్యాను. ఫైళ్ళ గుట్టలు.
బల్ల వెనక కళ్ళజోడు తాబేలు,
డిప్ప మీద సున్నంతో: హెడ్ గుమాస్తా.
చుట్టూ డబ్బులే డబ్బులు!
రైల్లో వంతెన దాటుతూ జనం
దణ్ణం పెట్టి విసిరినవన్నీ.
చిల్లు కాణీలు, పూలరేకుల పది పైసలు,
కంగారులో విసిరేసిన చొక్కా గుండీలు రెండు,
ఒక పెట్టుడు పన్ను.
ప్రతిదానికీ దారంతో కట్టిన కోరిక.

"ఎంతవరకొచ్చారండీ?" అన్నాను.
తాబేలు వేలు తడి చేసుకుని పేజీ తిప్పింది.
"అరవై ఎనిమిది, శ్రావణమాసం. మూడో వారం.
తొందరపెడితే మళ్ళీ మొదట్నించి మొదలెడతాను."
తర్వాత సైదుల్ని ఎగాదిగా చూసింది.
"లెక్కలొచ్చినవాళ్ళంతా డెబ్భై దగ్గరే ఆగిపోతారు బాబూ.
ఆగనివాడి కోసమే చూస్తున్నా.
బట్వాడా ఉద్యోగం. జీతం వేరుశనక్కాయలు."

అలా మేం ఒక నీటికుక్క నెక్కి
బందరు కాలవ వెంబడి బయల్దేరాం.
దాని పేరు ఎక్స్‌ప్రెస్. ప్రతి మెట్టు దగ్గరా ఆగుతుంది.

సగం దారిలో గుర్రపుడెక్క రాక్షసుడు లేచాడు.
గుర్రం ఎక్కడా లేదు, ఒళ్ళంతా డెక్కలే.
"సుంకం కట్టండి, లేదా మింగుతా!"
సైదులు సంచీలోంచి సోడా తీశాడు.
గోలీ మీద బొటనవేలు. ఒక్క నొక్కు.
కీ...చ్!
ఆ కేకకి రాక్షసుడు బెదిరి
చక్కగా ఆకులు ముడుచుకుని, "పెద్ద సోడానా, చిన్న సోడానా?" అన్నాడు.
చిన్నదే ఇచ్చాం. తేనుస్తూ దారిచ్చాడు.

గవర్నరుపేటలో ఓ బ్యాంకు మేనేజరుకి
మూడు చక్రాల సైకిలు దింపాం.
ఆయన చుట్టూ చూసి, టై తీసి జేబులో పెట్టి,
ఎక్కేశాడు.
పటమటలో ఓ బామ్మకి జానెడు జడగంటలు.
పెట్టుకోవడానికి జడ లేదని తిట్టింది,
తిడుతూనే గలగలలాడించింది.

చివరి చీటీ కృష్ణలంకది.
"ఎస్సెల్సీ లెక్కల్లో గట్టెక్కించు తల్లీ. ఇట్లు, పేరయ్య."

మా మాస్టారు కవరు చించారు.
"ఆలస్యానికి చింతిస్తున్నాం. ముప్పై ఆరు మార్కులు. పాస్."
చాలాసేపు ఏమీ అన్లేదు.
కళ్ళజోడు తీసి పంచెతో తుడిచారు,
అద్దాలు కాదు, పట్టీలు.
"ఒరే సైదులూ, ఎన్నన్నావు గేట్లు?"
"డెబ్భై ఒకటండీ."
"సరే, రేపు నన్నూ తీసుకెళ్ళు.
ఇంకెవరితోనూ అనకు."

జీతం పుచ్చుకునేటప్పుడు తాబేలుని అడిగాను,
పోయినేడు నేను విసిరిన రూపాయి సంగతి.
ఫైలు వెతికింది. దుమ్ము ఊదింది. తుమ్మింది.
"తమ్ముడికి లెక్కలు రావాలి, ఇదేనా?
వరసలో ఉంది. అరవై ఏళ్ళాగి రా.
ఈలోగా కోరిక మార్చుకుంటావా?"

వాడు పక్కనే వేరుశనక్కాయలు లెక్కపెడుతున్నాడు.
ఇద్దరికీ చెరో పాతిక.
నా గుప్పిట్లో ఎప్పుడూ ఇరవయ్యారే తేలుతున్నాయి.

మార్చుకున్నాను.
ఈసారి వేయించినవి ఇమ్మన్నాను.