ఎర్ర సిరా, నీలం సిరా

అరండల్‌పేటలో నాన్న రికార్డింగ్ సెంటరు.
గోడకి ఎరువుల కంపెనీ క్యాలెండరు:
పాటగాళ్ళ పుట్టుకలు నీలం సిరాతో,
పోయినవాళ్ళు ఎర్ర సిరాతో.

ఆ గాయకుడు పోయిన రోజు
మధ్యాహ్నానికే ఖాళీ క్యాసెట్లు అయిపోయాయట.
ఏడుస్తూనే బేరమాడారట జనం,
అరవై నిమిషాల్లో పదహారు పాటలు పట్టించమని.
పెద్దాసుపత్రి నుంచి కబురొస్తే
"బి సైడు అయిపోవస్తోంది, వచ్చేస్తున్నా" అన్నాడట మీరావలి.
వచ్చేసరికి నా వయసు ఒక పూట.
అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

నా గడిలో రెండు సిరాలూ పడ్డాయి,
చెమ్మకి కలిసి వంకాయ రంగు తేలింది.
ప్రతి పుట్టినరోజుకీ
వీధిలో రేడియోలన్నీ విషాదమే.
కేకు ముందు కూర్చుని అలిగేదాన్ని.
"పిచ్చిదానా, నీ పేరు చెప్పి ఊరంతా పాట వింటోంది" అనేవాడు.

నాన్న పోయిన రోజు
శంకర్‌విలాస్ సెంటర్లో ఏ పాటా ఆగలేదు.
ఎర్ర కలం ఎంత వెతికినా దొరకలేదు,
కాటుక పెన్సిలుతో రాశాను.

మొన్న ఒక పాత క్యాసెట్టు
ఎలాగో తిరిగింది.
రేడియో ముందు మైకు పెట్టి పట్టింది.
పల్లవికి ముందు నాన్న దగ్గు,
తర్వాత ఎవరితోనో, గొంతు తగ్గించి:
"ష్... మొదలవుతోంది."