టైము చూసినోడు

పలమనేరు బైపాసులో
మదరాసు లారీలు నిద్రమత్తుగా మలుపు తిరిగే తావున
తెల్లారుజామున నాలుక్కి
ఇద్దరం వట్టికాళ్లతో నిలబడేవాళ్లం.
వాడికి బూట్లుండేవి. నాకోసం విప్పేసేవాడు.
"ఒగడికుండి ఒగడికి లేకపోతే
టైము తప్పు చూపిస్తాదిరా చెంగా."

మైలురాయి మీద సున్నంతో గీత.
ఆణ్ణించి కల్వర్టు దాకా ఎనిమిది నూర్ల మీటర్లు,
మళ్లీ వెనక్కి అంతే.
మోకుతో రెండుసార్లు కొలిచినాం,
రెండుసార్లూ వేరే లెక్క వచ్చింది.
ఎక్కువొచ్చిందే ఉంచుకున్నాడు హేమాద్రి.

నానబెట్టిన చెనక్కాయలు నా జేబులో.
పీటీ సారు దగ్గర అడుక్కొచ్చిన స్టాప్‌వాచీ నా చేతిలో,
ఇంగా తిరిగియ్యలేదు.

ఒకనాడు వాడు కల్వర్టు ముట్టి మళ్లినాక
వాడి వెనకాల, చింతతోపులోంచి
అడివి దిగిన ఒంటేనుగు రోడ్డెక్కింది.
చీకట్లో ఇంకొంచెం చిక్కటి చీకటి.
చెవులు కదిలితే తెలిసింది నాకు.
అరవలేదు.
అరిస్తే వాడి అడుగు తడబడతాదని
బొటనవేలు మీట మీదే పెట్టుకోని నిలబడినాను.

"ఎంత?" అన్నాడు, వంగి, మోకాళ్లు పట్టుకోని.
ఐదు నిమిషాల పన్నెండు సెకన్లు.
"ఇంగ వెనక్కి తిరిగి చూడు" అన్నాను.

చూసి, చాలాసేపటికి మాట పెగిలింది వాడికి.
"చెప్పకుండా మంచిపని చేసినావురా."

కడప ర్యాలీలో వాడు ఎనిమిదోవాడిగా వచ్చినాడు.
నా ఛాతీ ఒక సెంటీమీటరు ఉబ్బలేదు.
టేపు పట్టుకున్నాయన పాపం, రెండోసారి కూడా చూసినాడు.
తిరుగు బస్సులో ఏడ్చింది వాడు, నేను కాదు.

ట్రైనింగు తొమ్మిది నెలలు.
కొండ మీద పోస్టింగు పంతొమ్మిది దినాలు.

పదిహేడో దినం ఫోన్ చేసినాడు.
"ఈడ బిందెలో నీళ్లు తెల్లారేలోగా గడ్డ కడతాయిరా.
మాయమ్మ బండి ఈడ పెట్టుంటే
ఐసు కర్చు మిగిలుండు."

టోల్‌గేటుకు ఇవతల చెరుకురసం బండి రెడ్డెమ్మత్తది.
రంపంపొట్టు అంటుకున్న గోనెసంచిలో ఐసుగడ్డ,
కొయ్యసుత్తితో ఆమె దాన్ని చితగ్గొట్టే చప్పుడుకే
బండి కింద పడుకున్న వాడు లేచేది, చిన్నప్పుడు.

తుపాకి మోగలేదంట.
మంచు జారిందంట, అంతే.
మైకు పట్టుకున్నోళ్లు మాత్రం
మోగిందనే చెప్పినారు,
వాళ్లు చెప్పే కొద్దీ వాడు నాకు తెలియనోడైపోయినాడు.

సర్కిల్లో కట్టిన ఫ్లెక్సీలో
వాడి భుజమ్మీద ఒక చెయ్యి మిగిలిపోయింది.
గంగజాతరలో తీసుకున్న ఫోటో అది.
నన్ను కత్తిరించినోళ్లకు
నాలుగు వేళ్లు అడ్డమొచ్చినాయి.
రెండు వానలకు వాడి మొకం వెలిసింది.
వేళ్లు ఇంగా ఉండాయి.

రెడ్డెమ్మత్త ఐసు మానేసింది.
"చల్లగా లేకుండా ఇదేం రసం" అని
కార్లలో వచ్చినోళ్లు సగం గ్లాసు పెట్టేసి పోతారు.
ఆమె చెప్పదు. పక్కన చెరుకు చెక్కే నేనూ చెప్పను.

మొన్న మే నెల మిట్టమధ్యాన్నం
ఐసు వేసే పిల్లోడు, కొత్తోడు, తెలీక
ఒక గడ్డ దించేసి పోయినాడు.

ఆమె గోనె విప్పింది.
పొట్టు తుడిచింది.
అరచెయ్యి ఆనించింది.
తియ్యలేదు.
వేళ్లు తెల్లబడిపోతా ఉండాయి, తియ్యలేదు.

"ఎంతసేపురా చెంగా,
వాడు దీంట్లో ఉండింది?"

పటాలం నుంచి వచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉండాది.
ఈ ఊర్లో దాన్ని పూర్తిగా చదివింది నేనొక్కణ్ణే.
దాంట్లో గంటలు రాసుండారు.

వాడి టైము చూసినోణ్ణి
ఎప్పుడూ నేనే కదా.

"ఐదు నిమిషాల పన్నెండు సెకన్లత్తా" అన్నాను.

ఆమె చెయ్యి తీసింది.
కొంగుకు తుడుచుకోని
కొయ్యసుత్తి యాడ పెట్టినానని
బండి కింద ఎతకడం మొదలుపెట్టింది.