వెంట్రుకవాసి

సినిమాలు చూసినవాళ్లంతా ముందు నా చెవుల వైపు చూస్తారు.
స్టెతస్కోపు తేలేదా అన్నాడు ఆ కుర్రగుమాస్తా.
ఇనుము నోరు విప్పదు నాయనా,
వేలికొసకి తగులుతుంది, అంతే,
పుచ్చుపన్ను దగ్గర నాలుక ఆగినట్టు.

లియెపాయా రేవులో మూతపడ్డ చేపల డబ్బాల ఫ్యాక్టరీ.
గోడలు ఇంకా పొగచేపల వాసనే.
లెక్కల గదిలో, పెచ్చులూడిన ఆకుపచ్చ రంగుతో,
ముప్పై ఏళ్లుగా ఎవరికీ లొంగని పెట్టె.
నేలమీదే చతికిలబడ్డాను. మోకాళ్లకి అరవైరెండు.
పక్కన థర్మాస్, గళ్లకాగితం, సన్నగా చెక్కిన పెన్సిలు.
సంచిలో డ్రిల్లుంది. తియ్యలేదు.
రంధ్రం పెట్టి తెరిచిన రోజు
మా గురువు అర్వీడ్స్ అన్నం ముట్టేవాడు కాదు.

ఎడమకి నాలుగు చుట్లు. ఆగు.
కుడికి, మెల్లగా.
తగిలిన చోట ఒక అంకె, వదిలిన చోట ఒక అంకె,
గళ్లల్లో చుక్క.
మళ్లీ.
చుక్కలన్నీ బడిపిల్లల్లా వరసలో నడుస్తూ నడుస్తూ
ఒకటి మాత్రం వెంట్రుకవాసి కిందికి జారుతుంది.
అక్కడుంది గాడి.

గాలికి పుట్టిల్లు మా ఊరేనంటారు. కిటికీ ఊరుకోదు.
లారీ పోయినప్పుడల్లా డయలు వదిలేసి కూచుంటాను,
వణికింది అదో నేనో తేలేదాకా.

అయిదో గంటకి మూడో గాడి కూడా దొరికింది.
వరస కుదిర్చి చూద్దును కదా,
పది, ఇరవై, ముప్పై.

తయారైన చోట ప్రతి పెట్టెకీ పెట్టి పంపే అంకెలు.
కొన్నవాళ్లు మార్చుకోవాలి. వీళ్లు మార్చలేదు.
ముగ్గురు మేనేజర్లు, ఒక బొచ్చుకుక్క, రాత్రి కాపలావాళ్లు,
ఎవరూ ఏ రహస్యమూ చెప్పని తాళానికి
ఇన్నాళ్లూ కాపలా.
నవ్వొచ్చింది. ఆగిపోయింది.
అన్నిటికన్నా ముందు తిప్పి చూడాల్సినవి అవే.
శిష్యులకి మొదటిరోజు నేనే చెబుతాను.
పొద్దున నా వేళ్లంటే నాకున్న మురిపెం
ఆ ఒక్క మాట గుర్తుకి రానివ్వలేదు.

పిడి వంచి, తలుపు అంగుళం లాగి,
గోడవైపు తిరిగి నించున్నాను.
లోపలికి తొంగిచూడటం మా వృత్తిలో లేదు.
వెనక కాగితాల గలగల, ఎవరిదో దగ్గు,
ఇంతేనా అని ఒక గొంతు.

గళ్లకాగితం ఎప్పుడూ పొయ్యిలో వేసేస్తాను.
ఇది మడిచి కోటు జేబులో పెట్టుకున్నాను.
బిల్లు పుస్తకం తెరిచి
పనిచేసిన సమయం: అరగంట.
కుర్రగుమాస్తా గోడగడియారం చూసి,
తప్పు రాశారు వెల్టా గారూ, అన్నాడు.