నలభై ఒకటో కుర్చీ

ఒంగోలు, లాయర్‌పేట, మందులషాపు మీద రెండో అంతస్తు.
కుర్చీకి నెలకు ఏడొందలు, ఏసీ వైపైతే తొమ్మిదొందలు.
తాళంచెవులు నా దగ్గరుంటాయి.
వయోపరిమితి దాటిపోయాక
నాకు దొరికిన ఉద్యోగం ఇదే,
చదివేవాళ్లకి కాపలా.

నేలకు పరిచిన బండలు చీమకుర్తివి.
నల్లరాయిలో బంగారు రవ్వలు.
ఎగుమతికి పనికిరానివని చవగ్గా తెచ్చాడు ఓనరు.
మాల్యాద్రి వచ్చిన మొదటిరోజు చెప్పులు బయటే విప్పి
ఆ బండ మీద కాసేపు నిలబడ్డాడు.
"మా నాయన కోసిందేమో అన్నా" అన్నాడు నవ్వుతూ.
వాళ్ల నాయన ఇప్పుడు కోయడంలేదు.
దగ్గుతున్నాడు.

మూడేళ్లు. నలభై ఒకటో కుర్చీ, కిటికీ పక్కది.
నోటిఫికేషన్ వస్తుందన్నారు, వచ్చింది.
పరీక్ష వాయిదా పడుతుందన్నారు, పడింది.
కోర్టులో ఉందన్నారు. ఉంది. ఇంకా ఉంది.
వాడి పాత కరెంట్ అఫైర్స్ పుస్తకాలు
కిలో పన్నెండు రూపాయలకు నేనే కాటా వేయించాను.
ప్రధానులు, రాజధానులు, పతకాలు
అన్నీ కలిపి తొమ్మిది కిలోలు తూగాయి.

సాయంత్రం ఏడు నుంచి పదకొండు దాకా
వాడు ఊరంతా బిర్యానీలు మోస్తాడు.
ఎర్ర బ్యాగు మెట్ల కింద పెట్టి పైకొస్తే
హాలంతా మసాలా వాసన.
తలెత్తకుండానే అందరికీ ఆకలేస్తుంది.
వాడు తిన్నాడా అని
నేనెప్పుడూ అడగలేదు.

మొన్న మంగళవారం నాకో ఫోన్.
ఆడగొంతే గానీ
అక్కాచెల్లెళ్ల గొంతు కాదు.
"మాల్యాద్రి మీకేమవుతాడు?"
ఏమవుతాడు?
నా రిజిస్టర్లో నలభై ఒకటి అవుతాడు.
"బాకీ ఎగ్గొట్టాడు. ఫోటో పంపుతున్నాం, చూసుకోండి."
వచ్చింది. తల వాడిది. ఒళ్లు ఎవరిదో.
చెరిపేశాను.
చెరిపితే పోయేదా అది.

ఆ రాత్రి కుర్చీ ఖాళీ.
పుస్తకం బోర్లా పడుకుని ఉంది, ఛార్జర్ వేలాడుతోంది.
నేను గమ్మున ఉన్నాను.
అందరూ గమ్మున ఉన్నారు.
గోడ మీద నా చేత్తో నేనే రాసిన బోర్డు:
నిశ్శబ్దం పాటించవలెను.

మా వీధికి నాలుగు రోజులకోసారి నీళ్లు, అదీ తెల్లారగట్ల మూడున్నరకి.
మోటరు వేయడానికి డాబా ఎక్కితే
ట్యాంకు పక్కన వాడు. మోకాళ్ల మధ్య తల.
ఒళ్లో ఫోన్ వెలుగుతోంది, ఆరుతోంది, వెలుగుతోంది.
ఏమనాలో తెలీక
"మోటరు వెయ్యబ్బయా" అన్నాను.
వేశాడు.
పైపులో ముందు గాలి, తర్వాత తుప్పు, తర్వాత నీళ్లు.
ఆ చప్పుడు అడ్డంగా ఉంది కాబట్టి చెప్పగలిగాడు.
నాయన స్కానింగ్‌కని ఏడువేలు. అయిదు వారాల్లో ముప్పై ఒకటి.
"నీక్కూడా చేశారా అన్నా?"
చేశారన్నాను.
"తిన్నావా?" అన్నాను,
మూడేళ్ల తర్వాత.

కిందికి దిగేసరికి అయిదు. పొద్దున బ్యాచీ అప్పుడే వస్తోంది.
వాణ్ణి చూసి పన్నెండో కుర్చీ కరీమున్ ఆగిపోయింది.
"నాకూ వచ్చింది ఫోన్. సోమవారమే."
"నాక్కూడా." వెనకనుంచి బ్రహ్మయ్య.
ఇరవై ఆరు. అయిదు. ఏసీ వైపు ముప్పై.
అందరికీ తెలుసు.
తమ ఒక్కరికే తెలుసనుకుని
మర్యాదగా తల దించుకుని
ప్రాథమిక హక్కులు చదువుతున్నారు.

పదకొండు మందిమి స్టేషన్‌కి నడిచాం.
రైటరు అర్జీ తీసుకున్నాడు, రశీదు ఇవ్వనన్నాడు.
కరీమున్ కదల్లేదు.
సెక్షన్ నంబరుతో సహా, తడుముకోకుండా చెప్పింది.
రశీదు ఇచ్చాడు.
మా హాల్లో చదివిన చదువు
పనికిరావడం నేను చూసింది అదే మొదటిసారి.

బాకీ తీరలేదు. ఫోన్లు ఆగలేదు.
పరీక్ష కోర్టులోనే ఉంది.
బోర్డు మాత్రం దుమ్ము దులపడానికని దించాను,
మళ్లీ ఎక్కించలేదు.
మేకు అక్కడే ఉంది.
దానికిప్పుడు ఎవరో రోజూ
టిఫిన్ క్యారేజీ తగిలిస్తున్నారు.
ఇద్దరికి సరిపోయేది.