రెండు మిల్లీబార్లు

జూరిక్‌లో, సరస్సు కనిపించే నాలుగో అంతస్తులో
ఉర్సీనా కాదూఫ్ తుఫాన్లు అమ్ముతుంది.

అమ్మడమంటే,
ఇంకా పుట్టని గాలికి ముందే వెల కట్టి
"మూడేళ్లలో ఆ దీవికి పెనుగాలి రాకపోతే
మీ అసలు మీకే, పైన ఏటా తొమ్మిది శాతం.
వస్తే ఆ అసలు దీవివాళ్లది"
అని రాసిన కాగితాన్ని
పింఛను నిధుల చేతుల్లో పెట్టడం.
ఎక్కడో రిటైరైన ట్రామ్ డ్రైవరుకి తెలియదు,
తన పొద్దుటి కాఫీలో ఓ చెంచా చక్కెర
కరీబియన్ సముద్రం నిద్రపోయినందుకు వచ్చిందని.

అంతకుముందు ఆమె హిమానీనదాల మనిషి.
పన్నెండేళ్లు మంచులో కడ్డీలు దిగేసి
ఏటా ఎంత కరిగిందో కొలిచింది.
ప్రతి ఆగస్టుకీ కడ్డీ ఇంకాస్త బయటపడేది,
చిగురు వదిలేసిన పన్నులా.
తర్వాత గ్రాంటూ కరిగింది.
కొలవడం తప్ప ఇంకో విద్య రాదు.
కొలతకి జీతమిచ్చే చోటు
కొండ దిగువన, రైల్లో రెండు గంటల దూరం.

ఆ గదిలో అందరూ అలా దారి తప్పి వచ్చినవాళ్లే.
భూకంపాలు చదివిన ఎస్టోనియా కుర్రాడు,
దోమల మీద డాక్టరేటు చేసి
మహమ్మారుల బాండ్లకి లెక్కలు కట్టే అమ్మాయి.
అచ్చంగా బ్యాంకు చదువు చదివినవాడు రెటో ఒక్కడే,
టై కట్టుకుని, అతిథిలా, ఓ మూల.

నేను ఉద్యోగానికి వెళ్లాను.
రెజ్యూమేలో పైథాన్, సంభావ్యత, మూడు భాషలు.
ఆమె దాన్ని బల్లమీద బోర్లా పెట్టింది.

"ఒప్పందంలో గీత తొమ్మిది వందల ఇరవై నాలుగు.
తుఫాను నడిబొడ్డున పీడనం
అంతకి దిగితేనే చెల్లింపు.
ఆ రాత్రి విమానం దాని కంట్లోకి పరికరం జారవిడిచింది.
ఇరవై ఆరు అంది.

రెటో మదుపరులకి ఫోన్లు చేశాడు.
ఎవరో వైన్ తెచ్చారు. నేనూ తాగాను.
లెక్క తప్పు కాదు, ఎవరూ మోసం చేయలేదు,
రెండు వైపులా సంతకాలున్నాయి.

తెల్లారి దీవి ఖజానా నుంచి ఇయోనీ చార్లరీ ఫోన్.
వెనక జనరేటరు మోత.
ఏడవలేదు, తిట్టలేదు, డబ్బు ఊసే ఎత్తలేదు.
'రెండు మిల్లీబార్లంటే ఎంతండీ?
మా మంత్రిగారికి చెప్పాలి' అంది.

నువ్వైతే ఏం చెబుతావు?"

నేను పరికరాల దోషం గురించి మాట్లాడాను.
సగటు గురించి, విచలనం గురించి.
నా గొంతు నాకే
చదివి వినిపిస్తున్న నోటీసులా ఉంది.

ఆమె సొరుగులోంచి పాత బారోమీటరు తీసింది,
అంచుకి ఇంకా కొండ మట్టి.
ముల్లు తొమ్మిది వందల అరవై ఒకటి దగ్గర.
లిఫ్టులో కిందికి దిగాం.
చెవులు గుయ్యిమనలేదు, కడుపు తేలలేదు.
వీధిలో ఓ ముసలాయన చెస్ట్‌నట్లు కాలుస్తున్నాడు,
కాగితం పొట్లాల్లో పొగ.
ముల్లు అరవై మూడు.

"ఇంత" అంది.

నాలుగు అంతస్తులు.
కొట్టుకుపోయిన చేపల బజారు కప్పుకీ
దాన్ని తిరిగి వేసే డబ్బుకీ మధ్య
వెంట్రుకవాసి కూడా కాని ఎత్తు.

"జీతం చాలా బాగుంటుంది,
అదీ చెప్పాలి కదా" అని
రెండు పొట్లాలు కొంది.

చేరాను.
ఇప్పుడు మేం రాస్తున్న కొత్త ఒప్పందంలో
గోడ తీసేసి మెట్లు కట్టాం.
ముప్పై ఆరుకి కొంత, ముప్పైకి ఇంకొంత,
ఇరవై నాలుగుకి మొత్తం.
మదుపరులు మెట్టు మెట్టుకీ వెల అడిగారు.
ఆ వెల కట్టాల్సింది దీవే.

ఇయోనీ చార్లరీ కాగితాలు చదువుతోంది.
మూడో పేజీ దగ్గర ఒక ప్రశ్న పంపింది,
జవాబు నా వంతు.
ఇవాళ మే ఇరవై తొమ్మిది.
గాలుల కాలం జూన్ ఒకటిన మొదలు.