చుక్కల గడి

దేవరకొండ తొవ్వల, గుట్ట కింద మా పంపుహౌస్.
మూడు మోటర్లు. రెండు తిరుగుతయి,
ఒకటి ఎదురుచూస్తది.
రాత్రి డ్యూటీ నాది.
గంటకోసారి రీడింగు రాయాలె:
ఆంపియర్లు, ప్రెషరు, బేరింగు వేడి.
ఆఖరి గడిల ఎప్పుడూ ఒకటే మాట, నార్మల్.

కొత్తల గౌసన్న నాకు మీటర్లు చూపియ్యలే.
పొడుగాటి స్క్రూడ్రైవర్ చేతికిచ్చి
మొన బేరింగు మీద పెట్టుమన్నడు,
పిడి చెవుకు ఆనించుమన్నడు.
"ఏమినవడ్డది భిక్షం?"
"గుర్రుమంటుందన్నా."
"అది మంచి నిద్ర.
ఎన్నడన్న పండ్లు కొరికినట్టు ఇనవడితే
దాన్ని పండవెట్టు, నన్ను లేపు."

గ్లాండు కాడ నీళ్లు కారుతున్నయని
స్పానరు తీస్కపోతే
చెయ్యి మీద ఒక్కటేసిండు.
"కారనియ్యి. నిమిషానికి నలభై చుక్కలు.
ఆ తడి తోనే షాఫ్టు బతుకుతది.
కారుడు బందైతే కాలుడు షురూ."
వాచీ పట్టుకొని లెక్కపెట్టిన.
ముప్పై ఎనిమిది.
"సాలు," అన్నడు, బీడీ ముట్టించుకుంట.

గోడకు ఒక పాత ఇంపెల్లరు ఏలాడేది,
మాడిన జొన్నరొట్టె లెక్క, నిండ గుంతలు.
ఎండకాలం సంపుల నీళ్లు జారినంక గూడ
నడిపిన్రంట దాన్ని.
లోపల కంకర పోసినట్టు సప్పుడు.
ఇప్పి చూస్తే ఒక్క రాయి లేదు, ఉత్త బుడగలు,
పుట్టుకుంట, పగులుకుంట ఇనుమును కొరికినయి.
"గొంతెండిన పంపు
తన రెక్కలు తనే తింటది రా."

గౌసన్న అక్క బిడ్డ పెండ్లని జడ్చర్ల పోయిన వారమే
సారు జీపు వచ్చింది.
"ఏందీ బురద? ఈ లీకు ఎన్ని రోజుల సంది?"
నలభై చుక్కల ముచ్చట నాకు తెలుసు.
నోరు తెరవలే.
నట్లు రెండు చుట్లు బిగించిన.
గచ్చు ఆరింది. సారు సంతోషపడి పోయిండు.
రాత్రి ఒంటిగంటకే
రెండు, మూడు, నాలుగు గంటల గడులు నింపి
కుర్చీల కునుకు తీసిన.
నార్మల్. నార్మల్. నార్మల్.

నాలుగున్నరకు లేపింది సప్పుడు కాదు, వాసన.
కాలిన తాడు వాసన.
షాఫ్టు స్లీవు నీలంగ కమిలి ఉంది.
బందు చేసి మూడోదాని కాడికి ఉరికిన,
ఎదురుచూసేదాని కాడికి.
స్విచ్చి ఒత్తితే మూలిగింది, తిరగలే.
వారానికోసారి చేత్తోని తిప్పాలె దాన్ని.
బతుకమ్మ పండుగ సంది
ఎవ్వలం ముట్టలే.

ఒక్క మోటరు సగం ఊర్లకే అందింది.
రెండు రోజులు,
గుట్ట అవుతలి తండాలల్ల
ఎర్రరంగు పూసి ఇడిసిన బోరింగులను
మళ్ల కొట్టుకున్నరు.
ఆ నీళ్లేందో
గౌసన్న మోకాళ్లకు తెలుసు,
వంగవు, పూర్తిగ సాగవు.

ఆ మోకాళ్ల తోనే కింద కూసొని
అంత ఇప్పిండు, అంత మళ్ల బిగించిండు.
కప్లింగు కాడ వెంట్రుకంత తేడా వస్తే
పొద్దుగూకేదాక రేకు ముక్కలు పెట్టుకుంట, తీసుకుంట.
నన్నొక్క మాట అనలే.
సాయంత్రం లాగుబుక్కు అడిగిండు.
ఆ మూడు నార్మళ్ల మీద
గ్రీజు వేలు మెల్లగ జరిపిండు.
"పంపుకు సదువు రాదు భిక్షం," అన్నడు,
"అందుకే అబద్ధం రాయలేదు."

ఇప్పుడు రిజిస్టరు అంచుకు
పెన్సిల్ తోని నేనే ఒక గడి గీసిన.
నిన్న రాత్రి రెండింటికి: ముప్పై ఆరు.
మూడింటికి: ముప్పై తొమ్మిది.
శుక్రవారం, మూడోది చేత్తో తిప్పిన, సాఫుగ తిరిగింది.

మొన్న మళ్ల సారొచ్చిండు.
"ఇదేం గడి? ఆర్డర్ల లేదు గద?"
"చుక్కలు సార్," అన్న.
ఆయన కొంచెం సేపు గ్లాండు దిక్కు చూసి
ప్యాంటు మడిమలు పైకి లాగి
తడిని దాటుకొని పోయిండు.